చక్రంలోని కాడెద్దు

నల్లమాడ దగ్గరి ఒక పల్లెనుంచి ఒక పాఠకుడు వ్రాసిన ఉత్తరం పది రోజులుగా నా బల్లమీద వుంది. నాలుగు పేజీల ఉత్తరం. తక్కిన ఉత్తరాలకు జవాబులు వ్రాస్తూ, దాన్ని మాత్రం పక్కన పెడుతూ వచ్చాను. అశ్రద్ధవల్ల కాదు. నాలుగు ముక్కలు వ్రాసి చేతులు దులుపుకునే సంగతి కాదది. ఆయన రెండు పొట్టేళ్ళు అమ్మి, ఆ డబ్బు దగ్గర పెట్టుకుని కూర్చున్నారు. నేను చెప్పినదాని మీద ఖర్చు పెడతారట! ఇలాంటి ఉత్తరం వచ్చినప్పుడు పత్రికలో వ్రాసేవాడికి కాస్త చేయి వణకడం సహజమే కదా.

సంగతి ఇది. ఆయన రోజూ తెల్లవారుజామున ముప్పై అయిదు లీటర్ల పాలు రెండు క్యాన్లలో పోసుకుని, సైకిలు వెనక కట్టుకుని, తొమ్మిది కిలోమీటర్లు తొక్కి పాలకేంద్రానికి చేరుస్తారు. ఆ ప్రాంతం చూచినవారికి చెప్పనక్కరలేదు. 2022 ఏప్రిల్ నుంచి అది శ్రీ సత్యసాయి జిల్లా అయింది గాని, అంతకుముందు అనంతపురం జిల్లాయే. జిల్లా పేరు మారినా నేల మారలేదు. ఎర్రమట్టి మెట్ట, వేరుసెనగ చేలు, మధ్య మధ్య బండరాళ్ళ గుట్టలు. రోడ్డు ఒకచోట దిగుతుంది, ఒకచోట ఎక్కుతుంది. చెరువుకట్ట ఎక్కేచోట ఆయన దిగి సైకిలు తోసుకుంటారు. వయసు యాభై దాటింది, మోకాలు నొప్పి. ఆలస్యమైతే ఎండాకాలంలో పాలు విరుగుతాయి, కేంద్రంలో తీసుకోరు. ఇంటికి తెచ్చుకుని ఏం చేసుకుంటారు?

“సైకిలుకే కరెంటు మోటారు పెట్టించుకో నాయనా, ఈ తోపుడు ఎన్నాళ్ళు?” అన్నదట కూతురు. సరేనని కదిరి పోయి రెండు దుకాణాలు విచారించారు. మొదటి దుకాణంలో, “అన్నా, ఇది గేరులేని మోటారు. లోపల అరిగే వస్తువే లేదు. దిగుడులో కరెంటు మళ్ళీ పుట్టించి బ్యాటరీకి ఇస్తుంది,” అన్నారట. రెండవ దుకాణంలో, “ఆ బరువు ఎవరు మోస్తారన్నా? గేరు మోటారు తీసుకో. ఎద్దు మాదిరి లాగుతుంది,” అన్నారట. రెండింటిమీదా 250 వాట్లనే వ్రాసి వుంది. “శక్తి ఒకటే అయినప్పుడు ఇద్దరూ ఎందుకు పోట్లాడుకుంటున్నారు? వీరిలో నిజం చెప్పినవారెవరు?” అని ఆయన ప్రశ్న.

ఇద్దరూ నిజమే చెప్పారు. అయితే ఎవరికి వారు సగం సగం చెప్పారు. తక్కిన సగాలు రెండూ కలిపి చూస్తేనే ఆయన చెరువుకట్ట ఎక్కగలిగేది.

ముందు ఆ మోటారు ఎక్కడ వుంటుందో చూద్దాం. ఎద్దులబండి చక్రం అందరికీ తెలుసు. ఇరుసు కదలదు, దాని చుట్టూ చక్రం తిరుగుతుంది. సైకిలులోనూ అంతే. చక్రం నడుమ వున్న డబ్బావంటి భాగాన్ని మన సైకిలు షాపుల్లో హబ్బు అంటారు. ఆ హబ్బును కాస్త పెద్దది చేసి, దాని కడుపులో మోటారు అమర్చితే అదే హబ్బు మోటారు. మామూలు మోటారులో బయటి డొల్ల కదలకుండా వుండి లోపలి కడ్డీ తిరుగుతుంది. ఇక్కడ తలకిందులు. లోపలి ఇరుసు కదలదు, బయటి డొల్ల తిరుగుతుంది. ఇరుసుకు బిగించిన ఇనుప రేకుల దొంతర చుట్టూ రాగితీగ చుట్టి వుంటుంది. గేరులేని రకంలో, ఆ తీగచుట్టలకు ఎదురుగా డొల్ల లోపలి అంచున వరుసగా అయస్కాంతాలు అంటించి వుంటాయి. తీగలో ఒక క్రమం ప్రకారం కరెంటు పారిస్తే, అది ముందు నడుస్తూ అయస్కాంతాలను వెంట లాక్కుపోతుంది. గడ్డిపరక చూపించి దూడను నడిపించినట్లన్నమాట. ఏ చుట్టలో ఎప్పుడు కరెంటు వదలాలో నిర్ణయించేది కంట్రోలరు అనే చిన్న పెట్టె. అయస్కాంతాలు ఎంతవరకు వచ్చాయో దానికి కబురు చెప్పడానికి మూడు చిన్న పరికరాలు వుంటాయి. వాటిని హాల్ సెన్సర్లు అంటారు. అందులో ఒకటి చెడిపోతే చక్రం ముందుకు పోకుండా వణుకుతుంది.

ఇదంతా నిన్నమొన్నటి వింత అనుకునేరు. 1895 డిసెంబరు 31న అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని కాంటన్ నగరవాసి ఆగ్డెన్ బోల్టన్ అనే ఆయన, వెనకచక్రం హబ్బులో మోటారు వున్న సైకిలుకు పేటెంటు పొందాడు. 10 వోల్టుల బ్యాటరీ నుంచి 100 ఆంపియర్ల కరెంటు తీసుకునే యంత్రం అది. 1900లో పారిస్ ప్రదర్శనలో ఫెర్డినాండ్ పోర్షె చక్రాల్లో మోటార్లు బిగించిన కారునే చూపించాడు. మరి అప్పుడే ఎందుకు వాడుకలోకి రాలేదంటే, ఆనాటి సీసపు బ్యాటరీలు మోయలేనంత బరువు, అయస్కాంతాలు బలహీనం. 1980ల మొదట్లో జపానులో మసాటో సగావా, అమెరికాలో జాన్ క్రోట్ వేర్వేరుగా నియోడిమియం అయస్కాంతాలను తయారుచేసిన తరువాత చిన్న మోటారుకు పెద్ద బలం వచ్చింది. లిథియం బ్యాటరీలు వచ్చి బరువు తగ్గింది. అప్పుడుగాని బోల్టన్ ఆలోచనకు కాళ్ళు రాలేదు. ఈనాడు టి.వి.యస్. ఐక్యూబ్ వంటి స్కూటర్లలో కూడా మోటారు వెనకచక్రంలోనే వుంది.

ఇప్పుడు రెండు దుకాణాల తగాదాకు వద్దాం.

గేరులేని రకంలో మోటారూ చక్రమూ ఒకటే. చక్రం ఒకచుట్టు తిరిగితే మోటారూ ఒకచుట్టు తిరుగుతుంది. మన 28 అంగుళాల సైకిలు చక్రం చుట్టుకొలత సుమారు 2.2 మీటర్లు. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు అది నిమిషానికి సుమారు 190 చుట్లు తిరుగుతుంది. చెరువుకట్ట మీదికి 10 కిలోమీటర్ల వేగంతో ఎక్కుతున్నప్పుడు 76 చుట్లు మాత్రమే. విద్యుత్ మోటారుకు ఇది చాలా నెమ్మది నడక. వేగంగా తిరగడం దానికి సుఖం. నెమ్మదిగా తిరుగుతూ బరువు లాగమంటే, ఆ బలమంతా అయస్కాంతాల పట్టుతోనే రావాలి. అందుకని దాన్ని వెడల్పుగా, రాగితోను ఇనుముతోను నింపి చేస్తారు. నాలుగు కిలోలనుంచి ఏడు కిలోలదాకా తూగుతుంది.

గేరు రకంలో డొల్ల లోపల మరొక చిన్న మోటారు వుంటుంది. అది చక్రానికి దాదాపు అయిదు రెట్ల వేగంతో తిరుగుతుంది. దాని కొసన ఒక చిన్న పళ్ళచక్రం, దాని చుట్టూ మూడు పళ్ళచక్రాలు, వాటి చుట్టూ డొల్లకు అంటి లోపలివైపు పళ్ళున్న కడియం. నడిమిదాన్ని సూర్యచక్రమని, చుట్టూ వున్నవాటిని గ్రహచక్రాలని ఇంజనీర్లు పేరు పెట్టారు. ఈ ఏర్పాటువల్ల వేగం అయిదోవంతుకు తగ్గి, తిప్పుడుబలం దాదాపు అయిదురెట్లు పెరుగుతుంది. బావిలోనుంచి చేద చేత్తో లాగడానికీ, గిలక వేసి లాగడానికీ తేడా మన ఆడవాళ్ళకు తెలుసు. ఒంటిగిలక దిక్కు మారుస్తుందంతే. నాలుగైదు గిలకలు కలిపి కట్టినప్పుడు ఎక్కువ తాడు లాగి తక్కువ బలంతో పెద్ద బరువు ఎత్తుతాము. గేరు చేసేది ఆ పని. ఒక వింత ఏమంటే, ఇలాంటి మోటార్లు చాలావాటిలో లోపలి మోటారు వెనక్కి తిరుగుతుంది, చక్రం ముందుకు పోతుంది! బరువు రెండు మూడు కిలోలు, మహా అయితే నాలుగు.

గేరు ఎందుకు కావలసి వచ్చిందో తెలియడానికి చంద్రుడి మీదికి పోయివద్దాం. 1971 జూలైలో అపోలో 15 యాత్రికులు డేవిడ్ స్కాట్, జేమ్స్ ఇర్విన్ చంద్రుడిమీద ఒక బండి నడిపారు. దానికి నాలుగు చక్రాలు, చక్రానికి ఒక మోటారు. ఒక్కొక్క మోటారు బలం ఎంతనుకున్నారు? పావు హార్స్‌పవరు, అంటే 190 వాట్లకు లోపే. బ్యాటరీ 36 వోల్టులు. మన పాలవాడి సైకిలు సామాను లెక్కే! చంద్రుడిమీద వస్తువుల తూకం ఇక్కడి తూకంలో ఆరోవంతు. అయినా ఆ ఇంజనీర్లు మోటారును నేరుగా చక్రానికి తగిలించలేదు. నడుమ 80 చుట్లను ఒకచుట్టుగా తగ్గించే గేరు పెట్టారు. చిన్న మోటారుతో, నెమ్మదిగా, గతుకుల్లో, బరువుతో పోవాలంటే గేరు తప్పదని వారికి తెలుసు. చంద్రుడిమీద గతుకులు ఎలా వున్నా మన పల్లెదారులకు తీసిపోవు కదా.

ఇక మన చెరువుకట్ట లెక్క వేద్దాం. మనిషి 60 కిలోలు, పాలూ క్యాన్లూ 42, సైకిలు 20, మోటారూ బ్యాటరీ 8. మొత్తం 130 కిలోలు. నూరు మీటర్ల రోడ్డుకు నాలుగు మీటర్లు లేచే ఎక్కుడు అనుకుందాం. అది కంటికి పెద్దగా కనపడదు, కాలికి తెలుస్తుంది. అలాంటి దానిమీద 10 కిలోమీటర్ల వేగంతో పోవడానికి కావలసిన శక్తి సుమారు 177 వాట్లు. అంటే 250 వాట్ల మోటారుకు లోబడిన పనే. అందుకే వాట్లు మాత్రం చూస్తే రెండు మోటార్లూ సమానంగా కనబడతాయి.

కాని చక్రాన్ని తిప్పే బలం వేరే లెక్క. ఒక మీటరు పొడుగు కర్ర చివర నూరు గ్రాముల బరువు వేలాడదీస్తే, కర్ర మొదట్లో ఎంత మెలిక పడుతుందో దాన్ని సుమారుగా ఒక న్యూటన్‌మీటరు అంటారు. మనవాడి సైకిలు బల్లపరుపు రోడ్డుమీద 20 కిలోమీటర్ల వేగంతో పోవడానికి అలాంటివి 8 చాలు. అదే సైకిలు ఎక్కుడులో 22 అడుగుతుంది. రెండున్నర రెట్ల పైన! మోటారులో తిప్పుడుబలం కరెంటునుబట్టి వస్తుంది. బలం రెండున్నర రెట్లు కావాలంటే కరెంటూ అంత పెరగాలి. అయితే తీగలో పుట్టే వేడి కరెంటుతోపాటు సరిసమానంగా పెరగదు. కరెంటు రెట్టింపు అయితే వేడి నాలుగింతలు, మూడు రెట్లయితే తొమ్మిదింతలు. మన లెక్క ప్రకారం చెరువుకట్ట ఎక్కేటప్పుడు మోటారు తీగచుట్టల్లో పుట్టే వేడి, బల్లపరుపు మీద పుట్టేదానికి దాదాపు ఏడురెట్లు. మోటారు ఒక్కటే లాగితే మాట ఇది.

ఇక్కడ గేరు వచ్చి కాపాడుతుంది. చక్రం దగ్గర 22 కావలసివస్తే లోపలి చిన్నమోటారు అందులో అయిదోవంతు, నాలుగున్నర ఇస్తే చాలు. అది నిమిషానికి 380 చుట్లు తిరుగుతూ సుఖంగా ఇస్తుంది. గేరులేనిది 76 చుట్లు తిరుగుతూ 22నూ తానే ఈడ్చాలి. పొలంలో కాడెద్దు నెమ్మదిగా నడిచి నాగలి లాగుతుంది. పందెపు గిత్త పరుగెత్తుతుంది. గిత్తను నాగలికి కడితే లాగదని కాదు, చెమట పట్టి నురగ కక్కుతుంది.

ఆ చెమట సంగతి మన ప్రాంతంలో మరీ ముఖ్యం. అనంతపురం ఎండాకాలంలో పగటి వేడి 40 డిగ్రీలు దాటుతుంది. రాగితీగ వేడెక్కితే కరెంటుకు అడ్డు పెంచుతుంది. 25 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు పోతే ఆ అడ్డు నూటికి 29 వంతులదాకా పెరుగుతుంది. అడ్డు పెరిగితే ఇంకా వేడి. మామూలు రకం నియోడిమియం అయస్కాంతాలు 80 డిగ్రీలు దాటితే బలం కోల్పోవడం మొదలుపెడతాయి. చలిదేశంలో 10 డిగ్రీల దగ్గర బయలుదేరే మోటారుకు ఆ హద్దు 70 డిగ్రీల దూరం. మన మిట్టమధ్యాహ్నం 42 దగ్గర బయలుదేరేదానికి 38 డిగ్రీలే. పాలాయన తెల్లవారుజామున పోతారు కాబట్టి కొంత నయం. తిరుగుప్రయాణం ఎండలో అయినా బరువు వుండదు.

దిగుడులో కరెంటు పుట్టించే సంగతి ఏమంటారా? అది అబద్ధం కాదు. గేరులేని మోటారు తిరుగుతూ వుంటే అది డైనమో కూడా. కంట్రోలరు అందుకు తగినదైతే ఆ కరెంటు బ్యాటరీకి పోతుంది. కాని ఎంత? 130 కిలోల బరువు 30 మీటర్ల ఎత్తునుంచి దిగితే వచ్చే మొత్తం శక్తి పదిన్నర వాట్‌గంటలు. అందులో గాలి కొంత, రోడ్డు కొంత, మోటారు కొంత, బ్యాటరీ కొంత తింటాయి. సగం దక్కితే గొప్ప. 36 వోల్టులు, 10 ఆంపియర్‌గంటల బ్యాటరీలో పట్టేది 360 వాట్‌గంటలు. అయిదు అంటే నూటికి ఒకటిన్నర! పెళ్ళిభోజనం తిని వక్కపలుకు ఇంటికి తెచ్చుకున్నట్లు వుంటుంది. దానివల్ల నిజమైన లాభం వేరే వుంది. దిగుడులో ఆ మోటారే వేగాన్ని పట్టి వుంచుతుంది గనుక బ్రేకు రబ్బర్లు అరగవు. మన సైకిళ్ళ కమ్మీబ్రేకులు వాననీళ్ళు తగిలితే సరిగా పట్టవు కాబట్టి అది తీసివేయదగిన లాభం కాదు. దాన్ని బ్రేకుగా లెక్కపెట్టుకోండి, రాబడిగా లెక్కపెట్టుకోవద్దు.

బ్యాటరీ దారిలో అయిపోతే? ఉత్తరంలో ఆయన అడగని ప్రశ్న ఇది. నాకు మాత్రం అన్నిటికన్నా పెద్దదిగా తోచింది. ఎడతెగకుండా తొక్కే మామూలు మనిషి కాళ్ళనుంచి వచ్చే శక్తి 75 నుంచి 100 వాట్లు. గేరులేని మోటారులో కరెంటు లేకపోయినా అయస్కాంతాలు ఇనుమును పట్టుకోవడం మానవు. తొక్కేవాడి బలంలో కొంత అవి తింటూనే వుంటాయి. గేరు మోటారులో లోపల ఒక ఫ్రీవీలు వంటి ఏర్పాటు వుంటుంది. కరెంటు ఆగగానే చక్రం మోటారును వదిలేసి, మామూలు సైకిలులాగా ముందుకు పోతుంది. ఆ ఫ్రీవీలు వున్నందువల్లనే అది దిగుడులో కరెంటు పుట్టించలేదు. ఒకటి కావాలంటే ఒకటి వదులుకోవాలి. మోకాలు నొప్పి మనిషికి ఏది వదులుకోదగిందో నేను చెప్పనక్కరలేదు.

అయితే గేరు మోటారు దోషాలు దాచిపెడితే రెండవ దుకాణంవారి పక్షం పట్టినట్లవుతుంది. గ్రహచక్రాలు ఎక్కువగా నైలానువి. శబ్దం తగ్గడానికి, ఎక్కడైనా చిక్కుపడితే మోటారుకు బదులు అవే విరగడానికి అలా చేస్తారు. అవి అరుగుతాయి. నిలిచివున్న సైకిలును బరువుతో ఒక్కసారిగా పూర్తి కరెంటుతో లేపితే పళ్ళు తెగుతాయి. లోపలి ఫ్రీవీలు పట్టు జారితే మోటారు గుయ్యిమంటుంది గాని చక్రం కదలదు. నడుస్తున్నంతసేపూ సన్నని రొద వుంటుంది. పైగా చిన్నమోటారు డొల్ల కడుపులో మూసుకుని వుంటుంది కాబట్టి, ఒకసారి వేడెక్కితే త్వరగా చల్లబడదు. గేరులేనిదానికి ఇవేవీ లేవు. రెండు బేరింగులు తప్ప అరిగేది లేదు, చప్పుడు లేదు. ఆ మోటారునే పెద్దది చేసి వెయ్యి వాట్లది వేస్తే ఏ కట్టయినా ఎక్కుతుంది. కాని మనదేశపు మోటారు వాహనాల నిబంధనల ప్రకారం మోటారు 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు వుంటేనే అది మోటారు వాహనం కాకుండా సైకిలుగా వుంటుంది. అప్పుడే లైసెన్సు, నంబరు అక్కరలేదు. ఆ హద్దు దాటి పట్టుబడితే పాలడబ్బు ఎటు పోతుందో మీకే తెలుసు.

వాట్ల కన్నా ముందు చూడవలసిన అంకె ఒకటి వుంది. మోటారు మీద 201, 260, 328 అని చుట్ల సంఖ్య వేస్తారు. బరువు లేకుండా నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో అది. మన 28 అంగుళాల చక్రానికి 200 చుట్లంటే గంటకు 26 కిలోమీటర్లు. బరువు పడితే తగ్గి సరిగా సరిపోతుంది. 328 అంటే 43 కిలోమీటర్లు! అది చిన్నచక్రాల సైకిళ్ళకోసం చేసినది. దుకాణదారు, “ఇది స్పీడుగా పోతుందన్నా,” అని అదే అంటగట్టవచ్చు. వేగంకోసం చుట్టిన మోటారుకు మన చక్రంలో ఎక్కుడు రాదు. కొనేవారు ముందు ఈ అంకె అడగండి.

అది గేరుదో కాదో దుకాణంలోనే తెలుసుకునే ఉపాయం చెబుతాను. తీగలు ఏవీ తగిలించకుండా చక్రం పైకెత్తి చేత్తో ముందుకు తిప్పండి, తరువాత వెనక్కి తిప్పండి. ముందుకు తేలికగా తిరిగి, వెనక్కి బిగపట్టినట్లు తిరిగితే గేరుది, ఫ్రీవీలు బాగా వుంది. రెండువైపులా ఒకేవిధంగా, చేతికి సన్నగా ఆగి ఆగి తిరుగుతున్నట్లు తగిలితే గేరులేనిది. గేరులేనిదాని మూడు లావు తీగల కొసలు ఒకదానికొకటి తాకించి తిప్పితే చక్రం ఒక్కసారిగా బరువెక్కుతుంది. అలా చేయకముందే బరువుగా తిరుగుతూ వుంటే లోపల ఏదో కాలిందని అనుమానించాలి.

బిగించడంలో మన సైకిళ్ళతో కొన్ని చిక్కులున్నాయి. మన పాతరకం సైకిలు ముందు రిమ్ముకు 32 రంధ్రాలు, వెనక రిమ్ముకు 40 వుంటాయి. హబ్బు మోటార్లకు మామూలుగా 36. కాబట్టి పాత రిమ్ము పనికిరాదు. రిమ్ముతో సహా అల్లిన చక్రమే కొనాలి. వెనక మోటారు ఇరుసుకు 135 మిల్లీమీటర్ల చోటు కావాలి. మన చట్రంలో అంత వుండదు, కొంచెం విప్పవలసి వస్తుంది. ఆ పని తెలిసిన సైకిలు మేస్త్రీ చేతనే చేయించండి. ముందుచక్రంలో బిగించడం తేలికే గాని, పాలబరువు వెనక వుంటుంది కాబట్టి ఎక్కుడులో ముందుచక్రం తేలిపోయి ఇసుకలో జారుతుంది. వెనకే మంచిది. అన్నిటికన్నా ముఖ్యం ఇరుసు. చక్రం ముందుకు తిరిగితే ఇరుసు వెనక్కి తిరగాలని చూస్తుంది. నట్లు వదులైతే అది చట్రపు నోటిని చీల్చుకుని తిరిగిపోతుంది, తీగలు తెగుతాయి, చక్రం ఊడుతుంది. అలా జరగకుండా ఇరుసును చట్రానికి పట్టివుంచే ఇనుపపట్టీ ఒకటి వుంది. దాన్ని టార్క్ ఆర్మ్ అంటారు. దాని ఖరీదు కొంచెమే. అది లేకుండా దుకాణం గడప దాటవద్దు. తీగ ఇరుసులోకి పోయేచోట కిందికి కొంచెం వేలాడేటట్లు వదలండి. వాననీరు అక్కడ జారిపోతుంది, లోపలికి పోదు.

బ్యాటరీ కథ పెద్దది, వచ్చేవారం వ్రాస్తాను. ఇప్పటికి ఒక్కమాట. 360 వాట్‌గంటల బ్యాటరీ నింపడానికి చార్జరు తినేదానితో కలిపి అరయూనిట్‌కు లోపే కరెంటు ఖర్చు. కదిరికి ఆవల నంబులపూలకుంటలో 2016 నుంచి సూర్యరశ్మితో కరెంటు తీసే పెద్ద కేంద్రం నడుస్తూ వుంది. పంటలు ఎండబెట్టిన ఆ ఎండే మన పాలక్యాన్లను కట్టమీదికి ఎక్కిస్తుందంటే నాకు కొంచెం ఊరటగా వుంది.

కాబట్టి అయ్యా, నా మాట ఇది. మీ బరువుకు, మీ కట్టకు, మీ మోకాలికి గేరు మోటారే తగినది. 250 వాట్లు, 200 చుట్లకు అటూ ఇటూ, వెనకచక్రానికి, ఇనుపపట్టీతో. నైలాను పళ్ళచక్రాలు విడిగా దొరుకుతాయా అని కొనేముందే అడగండి. ఒక జత కొని ఇంట్లో దాచుకోండి. దొరకవన్న దుకాణంలో కొనవద్దు. పుట్టపర్తి వంటి చోట చదునైన రోడ్డుమీద, వీపున సంచి తప్ప బరువు లేకుండా బడికి పోయివచ్చే పంతులుగారు ఇదే ప్రశ్న వేసివుంటే గేరులేనిది కొనమని చెప్పేవాణ్ణి. ఆయనకు చప్పుడు లేకుండా పదేళ్ళు నడిస్తే చాలు.

ఇంకొక్క విన్నపం. మోటారు వచ్చింది కదా అని కాళ్ళు ముడుచుకోవద్దు. సైకిలు కదిలేటప్పుడు నాలుగు తొక్కులు మీరే తొక్కి, ఆ తరువాత కరెంటు వదలండి. కట్ట మొదట్లో కూడా అంతే. మీరు ఇచ్చే యాభై వాట్లవల్ల మోటారు కరెంటు తగ్గుతుంది, వేడి ఇంకా ఎక్కువ తగ్గుతుంది, పళ్ళచక్రాలు నాలుగు కాలాలు మన్నుతాయి. కట్ట ఎక్కిన తరువాత ఒకసారి ఆగి హబ్బుమీద చేయి పెట్టి చూడండి. చేయి పెట్టి వుంచగలిగితే భయం లేదు. చుర్రుమని తీసివేయవలసివస్తే కాసేపు నిలబడండి. ఆ అయిదు నిమిషాల్లో పాలు విరగవు.

బిగించిన తరువాత మొదటివారం ఎలా జరిగిందో, మోకాలు ఎలా వుందో ఒక కార్డుముక్క వ్రాయండి. కదిరి దుకాణాలవారిద్దరికీ నా నమస్కారాలు చెప్పండి.